దొర వెనుక రేకుచేట

మా గల్లీలో, చనిపోయిన ఒక మనిషి గురించి ఒక తప్పుడు వాక్యం చలామణీలో ఉంది. దానిని దిద్దకుండా వదిలితే అదే ఆయన చరిత్ర అయిపోతుంది. ఆ కారణం చేతనే ఇది రాస్తున్నాను. ఆయన మీద నాకున్న గౌరవం రెండో కారణం మాత్రమే.

మొన్న గణపతి మండపం సంగతి మాట్లాడుకోవడానికి గల్లీవాళ్ళం చేరాం. ధూల్‌పేట వెనుక ఉన్న మా గల్లీలో ఆ సమావేశం ఎప్పుడూ గట్టిగొంతులతోనే సాగుతుంది. మాటల మధ్య ఒకాయన, ఈమధ్యనే కుక్కపిల్లను తెచ్చుకున్న పొరుగింటి గృహస్థుతో అన్నాడు: "సాదుకో అన్నా, ఎవలు వద్దన్నరు? గని ఆ దొర బాపు లెక్క గల్లీ అంత ఖరాబు చేపియ్యకు." అందరూ నవ్వారు. దొర బాపు పోయారన్న వార్తను ఆయన భార్య నాకు ఫోనులో చెప్పి అప్పటికి ఎంతోకాలం కాలేదు. నవ్వినవారిలో చాలామందికి ఆ సంగతి తెలియదు. తెలిసినా నవ్వేవారేమో, చెప్పలేను.

నేను సివిల్ కోర్టులో ఉర్దూ దస్తావేజులను తెలుగులోకీ, తెలుగువాటిని ఇంగ్లీషులోకీ మార్చే ఉద్యోగం చేసి విరమించినవాడిని. పాత పట్టాలో ఒక హద్దు తప్పుగా రాస్తే, ఆ తప్పును పట్టుకుని మనవల కాలం దాకా మనుషులు కొట్లాడుకోవడం చూశాను. మాటలో పడిన తప్పు అంతకన్నా మొండిది. దానిని కొట్టివేయడానికి కాగితం ఉండదు. సమావేశం నుంచి ఇంటికి వచ్చాక నేను కుదురుగా కూర్చోలేకపోయాను. పుస్తకం తెరిచాను, మూశాను. వరండాలోకి వెళ్ళాను, వచ్చాను. ఇప్పటికీ ఆ తిరుగుడు తగ్గలేదు. రాస్తేనన్నా తగ్గుతుందేమో చూడాలి.

దొర అన్నది కుక్క పేరు. ఆ కుక్కను తండ్రిలా సాకినందువల్ల ఆయన దొర బాపు అయ్యారు. ఆయన అసలు పేరును గల్లీ ఏనాడూ పలకలేదు. ఇప్పుడు నేనొక్కడినే పలికి కొత్తగా పరిచయం చేయదలచుకోలేదు. ప్రభుత్వ కర్మాగారంలో పనిచేసి విరమించిన మనిషి. భార్యతో కలిసి మా ఎదురింటి ముందుభాగంలో అద్దెకు ఉండేవారు. ఆదివారాలు ఇద్దరూ స్కూటరు మీద చర్చికి వెళ్ళేవారు. వారు తిరిగి వచ్చేదాకా లోపలినుంచి దొర చేసే రోదన, పాట ఎత్తుకుని శ్రుతి దొరకని గాయకుడి కష్టంలా ఉండేది.

ఆయనకు ఒక విచిత్రమైన అలవాటు. మనుషులను ఏకవచనంలోనూ కుక్కను బహువచనంలోనూ సంబోధించేవారు. పొద్దున్నే గల్లీలో వినబడే మొదటి మాట అదే.

"దొరా, మెల్లగ దయచెయ్యుండ్రి. గటు బురదున్నది." అదే ఊపిరితో పాలవాడిని: "ఏయ్, బండి పక్కకు తియ్యిర! దొర వస్తున్నరు, కనవడ్తలేదా?"

ఈ తారుమారు నా చెవులకు ముల్లులా ఉండేది. ఒకరోజు కారణం అడిగాను.

"సార్, కంపెనీల ఉన్నన్ని దినాలు ఎవలొస్తె వాళ్ళకు మీరు మీరు అని నా నోరు అరిగింది," అన్నారాయన. "దాంట్ల ఒక్కటన్న మనసులకెల్లి రాలె. ఈయనకైతె దానంతట అదే వస్తది. ఏం జెయ్యాలె మరి?"

ఆ దొరగారు మట్టిరంగు వీధికుక్క. ఒక చెవి నిక్కి ఉండేది, మరొకటి ముడుచుకుని ఉండేది. దాని పుట్టుక గురించి మాత్రం ఆయన పచ్చి అబద్ధాలు చెప్పేవారు. తండ్రి మిలిటరీలో పనిచేసిన కుక్క అనీ, పరేడు మైదానంలో పెద్ద పెద్ద అధికారులు దానికి సలాము చేసేవారనీ. విన్నవాడు నవ్వాడా, ఆ మనిషితో మాటలు బంద్. ఆయన సత్యసంధుడని నేను ఎక్కడా అనడం లేదని పాఠకులు గమనించాలి. ఒక విషయంలో తప్ప.

ఆ విషయం వారి ఉదయపు నడక. ముందు దొర, మధ్యలో తాడు, వెనుక ఆయన. కుడిచేతిలో ఒక రేకుచేట. పాత నూనెడబ్బాను కత్తిరించి, చెయ్యి కోసుకోకుండా అంచును లోపలికి మడిచి తానే చేసుకున్నది. ఎడమచేతి సంచిలో రంపపు పొట్టు; విగ్రహాలకు చెక్క చట్రాలు కోసే షెడ్డు నుంచి తెచ్చుకునేవారు. దొర ఒకచోట నిలిచి, వాసన చూసి, గుండ్రంగా తిరగడం మొదలుపెట్టగానే ఆయన ముఖం అవతలి గోడవైపు తిప్పుకునేవారు. ఎవరైనా అటు వస్తుంటే, "జర అటు దిక్కు చూసుకుంట పో. దొర పనిల ఉన్నరు," అనేవారు. పని పూర్తయిన తరువాత పొట్టు చల్లి, రేకుతో గీరి, వంగి నేలను పరిశీలించి, గల్లీ మొగలోని చెత్తడబ్బాలో వేసి వచ్చేవారు. వచ్చి దొర తల నిమిరి, "అయిపాయె. ఫికర్ లేదు," అనేవారు.

"మునిసిపాలిటీవారు ఊడుస్తారు కదా" అని ఎవరో అంటే ఆయన ఇచ్చిన జవాబు నాకు గుర్తుంది: "నిన్న బువ్వ వెట్టింది నేనే గదర. ఇది గూడ ఆ బువ్వనే. పెట్టుడు నాదైతె ఎత్తుడు వాళ్ళదెట్లయితది?"

ఇంత స్పష్టమైన ధర్మసూత్రాన్ని నేను ఏ మునిసిపల్ నిబంధనలోనూ చదవలేదు. గల్లీలో అప్పటికే చాలా ఇళ్ళలో కుక్కలున్నాయి. వాటన్నిటిలోకీ గొప్పది ఉస్మాన్‌గంజ్‌లో ఎండుమిర్చి టోకు వ్యాపారం చేసే సేటుది. చలిదేశపు జాతి, నీలికళ్ళు, ఒళ్ళంతా బొచ్చు, పేరు రాజా. తెల్లవారగానే సేటు ఇంటి తలుపు తెరుచుకునేది, రాజా బయటికి దూకేది, గల్లీలో తనకు నచ్చిన గడప చూసుకుని పని ముగించేది, లోపలికి పోయేది. తలుపు మూసుకునేది. మిగిలిన ఇళ్ళ తలుపుల తీరూ ఇంచుమించు అదే. ఖరీదైన కుక్కను తెచ్చి, స్నేహితులను పిలిచి చూపి, దాని ఫోటోలు పదిమందికి పంపే మనుషులు, అది నేల మీద వదిలినదానిని మాత్రం ఎన్నడూ చూసి ఎరగనట్లు దాటిపోతారు. ఈ ఒక్క విషయంలో చదువుకున్నవారికీ చదువుకోనివారికీ మధ్య నేను ఏ తేడానూ కనుక్కోలేకపోయాను.

నివారణ కోసం మా గల్లీ కనిపెట్టిన శాస్త్రం ఒకటుంది. నీలిమందు కలిపిన నీటిని సీసాలో పోసి గడప ముందు పెడతారు. నీలిరంగు చూస్తే కుక్కలు ఆ దరికి రావని నమ్మకం. గల్లీ పొడవునా ప్రతి గడప ముందూ ఒక నీలిసీసా. ఆ సీసాకు ఆనుకునే కుక్కలు తమ పని తాము చేసుకుపోయేవి.

"సీసలు పెట్టవలసింది కుక్కల ముంగట గాదు సార్," అనేవారు దొర బాపు. "వీళ్ళ దిండ్ల పక్కపొంటి పెట్టాలె. పొద్దుగాల లేవంగనే కనవడెటట్టు."

ఇంతవరకూ ఆయన చేసినదానిలో చిక్కు ఏదీ లేదు. చిక్కు ఆయన తన కుక్కది కానిదాన్ని కూడా ఎత్తడం మొదలుపెట్టినప్పుడు వచ్చింది.

ఒకనాడు దొరను ఇంట్లో కట్టేసి, ఒంటరిగా రేకుచేట పట్టుకుని మా గడప ముందు వంగి ఉన్నారు. "ఇది మీ కుక్కది కాదు కదా?" అన్నాను.

"గాదు. దొర గిట్ల నడిమిట్ల కూసోరు. గోడ పక్కకు పోతరు."

"మరి మీరెందుకు ఎత్తుతున్నారు?"

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "ఉంటె మా దొరదంటరు సార్. గల్లీల తాడు గట్టుకోని తిరిగేది మేమే గద, అందరికి కనవడేది. మిగిలినయి దొంగల లెక్క వచ్చి పోతయి. బద్నాం ఎవలకు?"

అది పరోపకారం కాదు. కుక్క పరువు. ఆ పరువు కోసం ఆయనకు నిలకడ లేకుండా పోయింది. చాయ్ తాగుతూ తాగుతూ గ్లాసు కింద పెట్టి వీధిలోకి తొంగిచూసేవారు. భోజనం మధ్యలో లేచేవారు. మా ఇంటికి వచ్చి కూర్చున్నా చూపు కిటికీ మీదే. ఆయన భార్య, నోరూ చెయ్యీ రెండూ చురుకైన మనిషి, ఒకసారి మా గుమ్మంలో నిలబడి అన్నది: "చూడుండ్రి సార్, ఒక్క తాన కూసోడు. కుక్కనంటె గొలుసుతోని గడ్తం. ఈయనను దేంతోని గట్టాలె?"

"నువ్వు గట్టినవ్ గద ఎన్నడో," అన్నారాయన, కిటికీ నుంచి చూపు తిప్పకుండానే.

"గట్టిన. తెంపుకున్నవ్."

ఆయన ఎత్తినకొద్దీ గల్లీ ఒక నిర్ణయానికి వచ్చింది. దొర తన పని చేయడం ఎవరూ చూడలేదు, ఎందుకంటే అటు చూడకుండా పొమ్మని ఆయనే అందరినీ కోరేవారు. ఆయన ఎత్తడం మాత్రం ప్రతివారూ ప్రతి ఉదయం, ప్రతి గడప ముందూ చూస్తున్నారు. తనది కాకపోతే ఎవడైనా ఎత్తుతాడా? ఎత్తుతున్నాడంటే తనదే. ఇన్ని చోట్ల ఎత్తుతున్నాడంటే, ఆ కుక్క ఇన్ని చోట్ల చేస్తున్నదన్నమాట. ఈ తర్కం ఎంత నున్నగా ఉందంటే, మిగిలిన కుక్కల యజమానులు కూడా దానిని మనస్ఫూర్తిగా నమ్మసాగారు. వారిలో కొందరు అబద్ధమాడుతున్నామన్న స్పృహే లేకుండా, "ఆ ఒక్క కుక్కతోని పరేషాన్ అయితున్నది" అని నాతోనే అన్నారు.

నేను ఆయనకు సలహా ఇచ్చాను. "మీ కుక్కది మాత్రమే ఎత్తండి. మిగిలినది వదలండి. నిజం దానంతట అదే బయటపడుతుంది."

"నిజం బయటవడేదాక ఆ మాట ఎవలు మోస్తరు సార్? దొరనేనా?" అన్నారు. మరునాడు మళ్ళీ రేకుచేట పట్టుకుని గల్లీ మొగ నుంచి మొదలుపెట్టారు. ఎత్తేకొద్దీ నింద; నిందకు భయపడి మరింత ఎత్తడం.

అప్పుడు ఆషాఢమాసం వచ్చింది. బోనాల ఆదివారం.

దొర బాపు ఇంటి యజమానురాలు ప్రతి ఏటా అమ్మవారికి నైవేద్యపు కుండను, బోనాన్ని, తలకెత్తుతుంది. ఆమె ఆయనను అన్నా అనీ, ఆయన ఆమెను చెల్లె అనీ పిలుచుకునేవారు. ఆ ఉదయం ఆయన వీధి చివరిదాకా రేకుతో గీకి, నీళ్ళు చల్లి శుభ్రం చేశారు. డప్పుల మోతకు బెదురుతుందని దొరను ముందురోజు నుంచే లోపలిగదిలో కట్టి ఉంచారు. అది గొలుసు లాగుతూ మూలుగుతూ ఉండడం మా ఇంటిదాకా వినబడింది. ఆయన శుభ్రం చేసి లోపలికి వెళ్ళాక, సేటు ఇంటి తలుపు తెరిచి ఉండడం, రాజా వీధిలోనుంచి లోపలికి పోవడం నేను మా వరండా నుంచి చూశాను. అది లోపలికి పోవడమే చూశాను. అంతకు ముందు ఏం చేసిందో నేను చూడలేదు.

పసుపు పూసిన కాళ్ళతో, వేపాకు చుట్టిన బోనం తల మీద పెట్టుకుని, పైన దీపం వెలుగుతుండగా ఆమె గేటు దాటింది. డప్పులు ముందు నడిచాయి. నాలుగడుగులు వేసిందో లేదో ఆమె పాదం పడకూడనిదాని మీద పడింది.

ఆమె ఆగిపోయింది. ఆమె ముఖం నేను చూశాను. తల మీది కుండను గుడి చేరకుండా దించకూడదు. కుండ ఉండగా వంగడానికి లేదు. అపవిత్రమైన పాదంతో ముందుకు నడవడానికీ లేదు. డప్పువాళ్ళు విషయం తెలియక ఇంకా గట్టిగా వాయిస్తున్నారు. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు చీరలు పైకి పట్టుకుని ఒక అడుగు వెనక్కి జరిగారు. "అయ్యో, అయ్యో" అన్నవారే తప్ప కదిలినవారు లేరు.

ఆ గుంపును చీల్చుకుని దొర బాపు వచ్చారు. చేతిలో రేకుచేట, వెనుక బిందెతో ఆయన భార్య. ముందు నేలను గీరి తీశారు. తరువాత ఆ ముసలిమనిషి వీధిలో మోకాళ్ళ మీద కూర్చుని, ఆమె పాదాన్ని తన అరచేతిలోకి తీసుకుని, భార్య నీళ్ళు పోస్తుండగా వేళ్ళ సందులతో సహా కడిగారు. ఆమె ఒంటికాలి మీద తూలుతుంటే, "నా నెత్తి వట్టుకో చెల్లె. ఏం గాదు. నా నెత్తి వట్టుకో," అన్నారు. ఆమె ఒక చేత్తో కుండను, మరొక చేత్తో ఆయన తలను పట్టుకుని నిలబడింది. బోనం ఎత్తినవారి కాళ్ళ మీద నీళ్ళు పోయడం మా దగ్గర ఎలాగూ ఆచారమే కనుక, దూరం నుంచి చూసినవారికి అందులో వింత ఏదీ కనబడలేదు. ఊరేగింపు సాగింది.

మరునాడు ఆమె ఆయనను పిలిపించింది. "అన్నా, కుక్కనన్న ఏడన్న ఇడిచిపెట్టు, లేకుంటె ఇల్లన్న ఖాళీ చెయ్యి."

అదే సాయంత్రం ఆమె వాకిట్లో కుర్చీలు వేశారు. సేటు వచ్చాడు, ఇరుగుపొరుగు వచ్చారు, నేనూ వెళ్ళాను. దొర బాపు దంపతులు ఒక పక్కన కూర్చున్నారు.

"నేను ఊకెనే అంటలేను," అన్నది యజమానురాలు. "నా నెత్తి మీద అమ్మోరు ఉండంగ నా కాలు దాంట్ల పడ్డది. నీ కుక్కది గాకుంటె నువ్వెందుకు ఉరికొచ్చినవ్ అన్నా? గంత మంది ఉన్నరు, ఒక్కలన్న వచ్చిన్రా?"

"ఒక్కలు రాలేదనే గద చెల్లె, నేనొచ్చింది."

ఎవరో నవ్వు ఆపుకున్నారు. నేను లేచి అడిగాను: "ఆ కుక్క అక్కడ చేయగా కళ్ళారా చూసినవారు ఇక్కడ ఎవరైనా ఉన్నారా?"

"సార్, గిది కోర్టు గాదు, గల్లీ," అన్నాడు పక్కింటాయన. "రోజు చూస్తనే ఉన్నం."

"ఏం చూస్తున్నారు?"

"ఎత్తుడు."

దొర బోనాల ముందురోజు నుంచి లోపలే కట్టి ఉన్నదని చెప్పాను. "డప్పులకు బెదిరి తెంపుకోని వచ్చి ఉంటది, మళ్ళ గట్టేసిండు" అన్నారు. సేటు ఇంటి తలుపు తెరిచి ఉండడం, రాజా లోపలికి పోవడం చూశానని కూడా చెప్పాను. సేటు నా వైపు ఎంతో మర్యాదగా తిరిగాడు.

"సార్ పెద్దమనిషి. అబద్ధం చెప్పరు. మా రాజా బయటికి వచ్చిండు. జర గాలి పీల్చుకొని లోపలికి వోయిండు. ఇంకేమన్న చూసిన్రా సార్?"

"చూడలేదు."

"అయిపాయె."

చూడనిదానిని చూశానని చెప్పడం నాకు రాదు. ఆ రోజూ రాలేదు, ఇప్పుడూ రాదు. కాని ఆ "అయిపాయె" అన్న మాట ఇవాళ్టికీ నా చెవిలో ఈగలా తిరుగుతుంది.

తరువాత సేటు చేసిన పని చెప్పాలి. దొర బాపు పక్షాన దయ చూపమని అందరికన్నా ముందు కోరింది అతడే. "పోనియ్యిండ్రి, ముసలోళ్ళు. ఏడికి పోతరు? ఒక్క మాట అనుమనుండ్రి. మా కుక్కదే, తప్పయింది అంటె మాఫ్. లొల్లి ఖతం."

యజమానురాలి ముఖం తేటపడింది. "నాగ్గూడ మీరు పోవాలని లేదన్నా. ఒప్పుకుంటె అయిపాయె. కుక్క గూడ ఉండనియ్యి, పైలంగ కట్టేసుకో. వదినా, నువ్వన్న చెప్పరాదు."

ఆ క్షణంలో ఆయనకు ఇల్లు, కుక్క రెండూ దక్కేవి. ఒక్క వాక్యం చాలు. మిలిటరీ వంశవృక్షాలు అల్లిన నోటికి అదేమంత కష్టం? అందరం ఆయన వైపు చూశాం. నేనూ లోలోపల, అనెయ్యండి, అనుకున్నాను.

ఆయన కుర్చీలో అటూ ఇటూ జరిగారు. లేచారు. మళ్ళీ కూర్చున్నారు.

"తప్పు నాదంటె నాదే అంట," అన్నారు చివరికి. "ఏ తప్పంటె ఆ తప్పు. గల్లీల నల్లా నీళ్ళు రాకుంటె గూడ నాదే అంట, దండం పెడ్త. గని దొర చేసిన్రని అననీకి నాకు నోరు రాదు. ఆయనకు మాట లేదు గద చెల్లె. నేను గూడ గట్లంటె, ఆయన దిక్కు మాట్లాడెటోళ్ళు ఎవలుంటరు?"

"గదేం పంతం అన్నా! కుక్క కోసం!" అన్నది ఆమె.

"ఇద్దరు పిల్లల పెండ్లిళ్ళు చేసిన్నాడు గూడ గింత పంతం పట్టలె ఈ మనిషి," అన్నది ఆయన భార్య. ఆ మాటతో ఆమె తమ వైపు వస్తుందని అందరూ అనుకున్నారు. ఆమె కొంగు దులుపుకుని లేచింది. "లెవ్వుండ్రి. సామాను గట్టుకోవాలె."

పురానాపూల్ వంతెన అవతల ఒక గది దొరికిందని తెలిసింది. వారు వెళ్ళే పూట ట్రాలీ ఆటో గల్లీలోకి వచ్చింది. మంచాలు, బియ్యం డబ్బా, స్టవ్వు, అన్నీ ఎక్కాయి. తలుపులన్నీ తెరుచుకున్నాయి, ఎవరూ బయటికి రాలేదు, ఎవరూ లోపలికీ పోలేదు. సేటు తన గడపలో నిలబడి ఉన్నాడు. దొర తాడు చివర నిలిచి, ఆటోను ఒకసారి, ఇంటిని ఒకసారి చూసి, ఎన్నడూ లేనిది, గోడ పక్కకు పోకుండా యజమానురాలి గేటు ఎదుటనే గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది.

దొర బాపు గోడవైపు ముఖం తిప్పుకున్నారు. ఆ రోజు కూడా.

ఇటు తిరిగి వెతుక్కుంటే రేకుచేట సామాను అడుగున ఎక్కడో ఉంది. ఆటోవాడు తాళ్ళు బిగించేశాడు. యజమానురాలు గేటు పట్టుకుని, "ఉండనియ్యి అన్నా. పోనియ్యి. నేను నీళ్ళు గొడ్త," అన్నది. నిజంగా మెత్తగానే అన్నది.

ఆయన భార్య ఒడిలో ఉన్న వంటసామాను బుట్టలోనుంచి ఒక స్టీలు పళ్ళెం తీసి ఆయన చేతికిచ్చింది. "దీంతోని తియ్యి. నేను మళ్ళ తోముకుంట," అన్నది.

ఆయన వంగి, ఆ పళ్ళెంతో నేలను శుభ్రంగా గీరి తీశారు. వంగి చూశారు. మళ్ళీ గీరారు. అప్పుడు నిటారుగా నిలబడి, పళ్ళెం రెండు చేతుల్లో పట్టుకుని, ఏ ఒక్కరి వైపూ కాకుండా గల్లీ మొత్తానికీ వినబడేటట్లు అన్నారు:

"ఇది మాదే. మంచిగ చూసుకోండ్రి. ఇది మా దొరది."

గల్లీ మొగదాకా నడిచి, చెత్తడబ్బాలో వేసి వచ్చి, ఆటో ఎక్కారు.

వారు వెళ్ళిన మరునాటి ఉదయం గల్లీలో, గడపల ముందు, నీలిసీసాల పక్కన, ఎప్పటిలాగే పడి ఉంది. ఆ మరునాడు ఇంకా ఎక్కువ. ఎత్తేవారు లేరు కదా. ఇక నిజం బయటపడక తప్పదని నేను వరండాలో కూర్చుని ఎదురుచూశాను. బయటపడిన మాట ఇది: "కుక్క జాతి కదా, వాసన వట్టుకోని వంతెన దాటి వస్తున్నది. పాత ఇల్లు మర్చిపోలే."

నమ్మారు. ఒకరితో ఒకరు చెప్పుకుని మరీ నమ్మారు.

యజమానురాలు నమ్మిందో లేదో నాకు తెలియదు. ఒక ఉదయం ఆమె తన గేటు ముందు నిలబడి, నేలనూ సేటు ఇంటి తలుపునూ మార్చి మార్చి చూసింది. లోపలికి వెళ్ళి పొయ్యి బూడిద, చేట తెచ్చి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని తానే ఎత్తింది. అటుగా పోతున్న పక్కింటావిడ ఆగి నవ్వుతూ పలకరించింది: "ఏందక్కా, నువ్వు గూడ కుక్కను తెచ్చుకున్నవా?"

ఆనాటి నుంచి ఆమె ఆ పని మళ్ళీ చేయలేదు. దొర బాపు మాట ఎత్తితే లోపలికి వెళ్ళిపోతుంది.

నేను రాసినది ఇంతే. జ్ఞాపకం మీద ఆధారపడి రాసినది కనుక పొరపాట్లు దొర్లి ఉండవచ్చు. సంభాషణల్లో ఒకటిరెండు మాటలు అటూ ఇటూ అయి ఉండవచ్చు. మా గల్లీ పాఠకులు ఎవరైనా వచ్చి దిద్దితే కృతజ్ఞతతో స్వీకరిస్తాను. ముఖ్యంగా బోనాల ఉదయం రాజా వీధిలో ఏం చేసిందో, లేదా ఏమీ చేయలేదో, నేను చూడని ఆ భాగాన్ని చూసినవారు ఉంటే తప్పక చెప్పాలి. ఏది చెప్పినా రాసుకుంటాను. అది దొరదేనని దిద్దదలచినవారు కూడా నిస్సంకోచంగా రావచ్చు. అయితే వారు చేయగా చూసి ఉండాలి. ఎత్తగా చూశామంటే సరిపోదు.